గడియ ఎటువైపు ఉంది?

ఒక పెద్ద బంగళా. అందులో అన్నిటికంటే పైన, కప్పు కింద ఒక ఇరుకు గది. కిటికీ ఉంది గానీ తెరుచుకోదు. తలుపుకి గడియ ఉంది గానీ లోపలివైపు లేదు, బయటివైపు ఉంది. కొత్తగా పనికి చేరిన అమ్మాయికి ఇంటావిడ చూపించిన గది అదే. ఆ అమ్మాయి జైల్లో ఉండి వచ్చింది. ఉండటానికి చోటు లేక కార్లో పడుకుంటోంది. తలమీద కప్పు దొరకడమే గొప్ప కాబట్టి గడియ సంగతి చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. చదివే మనం మాత్రం ఊరుకోలేం. ఆ గడియ ఎవరు, ఎప్పుడు, ఎందుకు వేస్తారో తెలిసేదాకా ఫోన్ పక్కన పెట్టలేం.

ఇది ఫ్రీడా మెక్‌ఫాడెన్ 2022లో రాసిన 'ది హౌస్‌మెయిడ్'. ఆన్‌లైన్ షాపుల్లో దీన్ని 'సస్పెన్స్' అరలో పెడతారు. పక్కనే 'విమెన్స్ ఫిక్షన్' అని ఇంకో అర ఉంటుంది. ఈమధ్య ఈ రెండు అరల్లోంచీ వరసగా కొన్ని నవలలు చదివాను. చదివేకొద్దీ ఆ రెండు అరల మధ్య ఉన్న చెక్క పలచబడిపోయింది. సస్పెన్స్ అని కొన్నదాంట్లో ఒక ఆడమనిషి సంసారం కనిపిస్తుంది. ఆడవాళ్ళ కథ అని కొన్నదాంట్లో గుండె దడదడలాడే భయం కనిపిస్తుంది. రెండిట్లోనూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: ఈమె ఉన్న ఇంటికి గడియ ఎటువైపు ఉంది?

న్యూయార్క్ బంగళాల గొడవ మనకెందుకు అంటారా? మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్ళలో చదివేవాళ్ళకి ఈ ప్రశ్న ఏమంత దూరపుది కాదు. అందుకే ఈ వారం ఈ పుస్తకాల ముచ్చట. ఒక్క మాట ముందే చెబుతున్నా: ఎవరు చంపారో, చివర్లో ఏమైందో ఎక్కడా చెప్పను. నిశ్చింతగా చదవండి.

మన ఇళ్ళలోని రెండు అరలు

సస్పెన్స్ ఒక వైపు, ఆడవాళ్ళ నవల ఇంకో వైపు అనే పంపకం మనకి కొత్తేం కాదు. మన అమ్మమ్మల, అమ్మల కాలంలో వారపత్రిక ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలి అని పోట్లాట. సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, దారంతో కుట్టి, బైండు చేయించి దాచుకునేవాళ్ళు. అద్దెకి పుస్తకాలిచ్చే షాపులో ఒక వైపు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. ఆ పక్కనే మధుబాబు షాడో. ఇంకో వైపు యద్దనపూడి సులోచనారాణి, కోడూరి కౌసల్యాదేవి. మొదటి వైపు మగవాళ్ళది, రెండో వైపు ఆడవాళ్ళది అనుకునేవాళ్ళు. ఇళ్ళలో జరిగింది వేరు. అన్న తెచ్చిన యుగంధర్‌ని చెల్లెలు దుప్పట్లో పెట్టుకుని చదివేది, అక్క తెచ్చిన 'సెక్రటరీ'ని తమ్ముడు ఎవరూ చూడనప్పుడు చదివేవాడు.

ఆ రచయిత్రుల బలం ఎంతంటే సినిమా వాళ్ళే వాళ్ళ వెంట పడ్డారు. కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. ఆమెదే 'ప్రేమనగర్' 1971లో సినిమాగా వచ్చింది. యద్దనపూడి 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో తెరకెక్కాయి. ఆ తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'తో రెండు అరలనీ కలిపేశాడు. ఒక మామూలు ఇల్లు, అందులో తులసి అనే చిన్న పిల్ల, ఆ పిల్ల మీద చేతబడి. ఇంటిల్లిపాదీ ఒకే సీరియల్ కోసం వారమంతా ఎదురుచూసేలా చేసింది ఆ నవల.

ఒక్క తేడా గమనించండి. 'తులసిదళం'లో భయం బయటినుంచి ఇంట్లోకి వస్తుంది. మంత్రగాడు ఎక్కడో ఉంటాడు, ఇల్లు మంచిదే. యుగంధర్ నవలల్లో కూడా హంతకుడు ఎక్కడో దాక్కుని ఉంటాడు, వెతికి పట్టుకోవాలి. ఇప్పుడొస్తున్న సస్పెన్స్‌లో హంతకుడు దాక్కోవడం లేదు. అన్నం పళ్ళెం ముందు కూర్చుని, ఇంకొంచెం పెరుగు వెయ్యి అని అడుగుతున్నాడు.

అదే గుమ్మం, వేరే ఇల్లు

'ది హౌస్‌మెయిడ్' చదువుతుంటే నాకు పదే పదే గుర్తొచ్చింది యద్దనపూడి 'సెక్రటరీ'నే. నవ్వకండి. రెండిట్లోనూ డబ్బులేని అమ్మాయి ఉద్యోగం కోసం బయటికొస్తుంది. బామ్మతో ఉండే జయంతికి రాజశేఖరం అనే డబ్బున్న మనిషి ప్రపంచం ఎదురవుతుంది. ఇక్కడ మిల్లీ అనే అమ్మాయికి విన్‌చెస్టర్ దంపతుల బంగళా. పెద్ద ఇల్లు, అందమైన యజమాని, అర్థంకాని మనుషులు. 1960లలో మన రచయిత్రి ఆ గుమ్మం దాటించి పాఠకురాలికి ఒక కల చూపించింది. ఉద్యోగం చేసుకునే అమ్మాయికి ఆత్మాభిమానం ఉంటుంది, దాన్ని గెలవాలంటే ఎంత డబ్బున్నవాడైనా దిగి రావాలి అని చెప్పింది. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. 2022లో ఇంకో రచయిత్రి అదే గుమ్మం దాటించి, వెనకనుంచి తలుపు మూసేసింది.

మెక్‌ఫాడెన్ అసలు వృత్తి డాక్టరు. మెదడుకి దెబ్బ తగిలినవాళ్ళకి వైద్యం చేస్తుంది, కలం పేరుతో నవలలు రాస్తుంది. వాక్యాలు చిన్నవి. అధ్యాయాలు ఇంకా చిన్నవి. బస్సు మదనపల్లెలో బయల్దేరి పుంగనూరు చేరేలోపు నాలుగైదు అధ్యాయాలు అయిపోతాయి. ప్రతి అధ్యాయం చివర ఒక కొక్కెం వేలాడుతుంటుంది. మన వారపత్రిక సీరియళ్ళ పాత విద్యే అది, 'సశేషం' అని లేదు, అంతే.

బాగున్నదేమిటంటే, ఇంటావిడ నీనా మీద మనకు కలిగే అభిప్రాయం. మొదట్లో ఆమెను చూస్తే ఒళ్ళు మండుతుంది. గయ్యాళి, పిచ్చిది అనుకుంటాం. పాపం ఆ మొగుడు ఎలా భరిస్తున్నాడో అనుకుంటాం. సగం పుస్తకం అయ్యాక, ఒక ఆడదాన్ని గయ్యాళి అనీ పిచ్చిది అనీ అనుకోవడానికి మనకి ఎంత తక్కువ సాక్ష్యం సరిపోయిందో అర్థమవుతుంది. మన వీధుల్లో ఎంతమందికి ఆ పేరు పెట్టేశామో ఒకసారి లెక్కేసుకుంటే సస్పెన్స్ అక్కడ మొదలవుతుంది.

బాగోలేనిది కూడా చెప్పాలి. మలుపు తెలిశాక రెండోసారి చదవడానికి పెద్దగా ఏమీ మిగలదు. మనుషులు మలుపు కోసం పుట్టినట్టు ఉంటారు. ఒకసారి తిన్న బోరుగులు లాంటి నవల: తింటున్నంతసేపూ కరకరలాడుతుంది, కడుపు నిండదు. ఈ కథ 2025 డిసెంబరులో సినిమాగా కూడా వచ్చింది. సినిమా చూడాలనుకుంటే ముందు నవల చదివెయ్యండి. ఎందుకంటే ఇందులో అసలు సరుకు ఆ ఒక్క మలుపే.

గ్రూపు మీటింగులో హత్య మాట

రెండో పుస్తకం పరిణీ ష్రాఫ్ రాసిన 'ది బ్యాండిట్ క్వీన్స్'. 2023లో వచ్చింది, ఆ ఏడాది విమెన్స్ ప్రైజ్ తొలి జాబితాలో చోటు దక్కించుకుంది. కథ గుజరాత్‌లో ఒక పల్లెలో. గీత అనే ఆవిడ ఒంటరిగా ఉంటూ మంగళసూత్రాలు తయారుచేసి అమ్ముకుంటుంది. ఐదేళ్ళ కిందట మొగుడు మాయమైపోయాడు. ఆమే చంపేసిందని ఊరంతా నమ్ముతుంది. ఆమె చంపలేదు, వాడే వదిలేసి పోయాడు. కానీ ఆ పుకారు వల్ల ఒక లాభం: ఆమె జోలికి ఎవరూ రారు. ఒకరోజు ఆమె అప్పుల గ్రూపులోనే ఉన్న ఇంకొకావిడ వచ్చి, నీ మొగుణ్ణి చేసినట్టే నా మొగుణ్ణి కూడా చేసి పెట్టవా అని అడుగుతుంది. ఇక చూడండి తమాషా.

హత్య గురించిన నవల చదువుతూ ఇంతగా నవ్వుతామని అనుకోం. నవ్వు ఎక్కడ ఆగిపోతుందో రచయిత్రికి తెలుసు. తాగొచ్చి కొట్టే మొగుడి గురించి నలుగురు ఆడవాళ్ళు జోకులేసుకుంటుంటే, ఆ జోకుల కింద ఉన్న అలసట మనకి తెలుస్తుంది. పోలీసు దగ్గరికి పోతే ఏమంటారో తెలుసు. పుట్టింటికి పోతే ఏమంటారో తెలుసు. పంచాయితీ పెడితే ఏం తీర్పొస్తుందో తెలుసు. అన్ని తలుపులూ తట్టి వచ్చినవాళ్ళే చివరికి గీత తలుపు తడతారు.

దీన్ని మన వైపు వాళ్ళు చదివితే ఇంకో రకంగా అర్థమవుతుంది. ఐదుగురు ఆడవాళ్ళు కలిసి అప్పు తీసుకోవడం, వారం వారం కంతు కట్టడం, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాల్సి రావడం, దాంతో స్నేహమూ కోపమూ ఒకే చాప మీద కూర్చోవడం. పొదుపు సంఘంలో ఉన్న అమ్మ ఉన్న ప్రతి ఇంటికీ ఇది తెలిసిన సంగతే. మైక్రోఫైనాన్స్ వసూళ్ళ ఒత్తిడి ఎంత దూరం పోయిందంటే 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అంటే ఈ నవలలోని కంతు పుస్తకం మనకి కట్టుకథ కాదు.

నచ్చనిదేమిటంటే మాటలు. రచయిత్రి కాలిఫోర్నియాలో ఉండే లాయరు. ఆ పల్లె ఆడవాళ్ళు అప్పుడప్పుడు అమెరికా టీవీ కామెడీలో మాట్లాడినట్టు మాట్లాడతారు. ప్రతి ఒక్కరికీ నోటి చివర చమత్కారం సిద్ధంగా ఉంటుంది. నిజం పల్లెలో మాట అలా ఉండదు.

మరి ఎలా ఉంటుంది? దానికి గుజరాత్‌దాకా పోనక్కర్లేదు. మదనపల్లె పక్కన నిమ్మనపల్లె మండలం చాలు. ఎండపల్లి భారతి అక్కడి మనిషి. చదివింది ఐదో తరగతిదాకా. చిత్తూరు జిల్లా పొదుపు సంఘాల మహిళలే విలేఖరులుగా 2001లో మొదలుపెట్టిన 'నవోదయం' పత్రికలో పనిచేస్తూ రాయడం నేర్చుకుంది. 2018లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ఆమె కథలను 'ఎదారి బతుకులు' పేరుతో వేసింది. అది నవల కాదు, అందులో డిటెక్టివూ లేడు. చిన్న చిన్న కథలు, మన పక్క మాట, కూలికి పోయే దళిత ఆడవాళ్ళ బతుకు. 'బ్యాండిట్ క్వీన్స్' పూర్తిచేసిన వెంటనే ఈ పుస్తకం తీయండి. ఒకరు బయటినుంచి ఊహించి రాసినదానికీ, ఒకరు లోపలినుంచి చెప్పినదానికీ తేడా ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసిపోతుంది. భారతి కథల్లో మలుపులు తక్కువ. కానీ ఈ పూట గడుస్తుందా లేదా అన్నదానికంటే పెద్ద సస్పెన్స్ ఏముంటుంది?

చీరలో ఈత నేర్చిన డిటెక్టివ్

ఇవి చదివి మనసు బరువెక్కితే ఒక తేలికైన పుస్తకం ఉంది. కుప్పంలో రైలెక్కి బంగారుపేట మీదుగా బెంగళూరు పోయేవాళ్ళకి మరీ బాగుంటుంది. హరిణి నాగేంద్ర రాసిన 'ది బ్యాంగలోర్ డిటెక్టివ్స్ క్లబ్'. ఇదీ 2022దే. ఆవిడ బెంగళూరులో పర్యావరణ శాస్త్రం చెప్పే ప్రొఫెసర్. ఊరి చెట్లమీద, చెరువులమీద పరిశోధన చేసిన మనిషి కాబట్టి నవల్లో ఆ పాత బెంగళూరు చెట్టుచేమలతో సహా కనిపిస్తుంది.

కాలం 1921. పంతొమ్మిదేళ్ళ కావేరికి కొత్తగా కాపురం. మొగుడు రాము డాక్టరు. ఆమెకి లెక్కలంటే ప్రాణం. ఆడపిల్ల ఎక్కువ చదవకూడదని అత్తగారి పట్టు. అందుకని లెక్కల పుస్తకం చాటుగా చదువుకుంటుంది. సెంచరీ క్లబ్బులో జరిగిన ఒక విందులో హత్య జరుగుతుంది. నేరం నోరులేని పేదవాళ్ళ మీదికి పోయేట్టుంటే కావేరి ఊరుకోలేక కదులుతుంది. పక్కింటి ఉమ అత్త తోడు. చీర కట్టుకునే ఈత కొడుతుంది, చీర కట్టుకునే ఆధారాలు వెతుకుతుంది.

ఇందులో గడియ బయటివైపు లేదు. రాము తలుపు తీసిపెట్టే మొగుడు. అది పుస్తకానికి బలమూ, బలహీనతా కూడా. చదువుతుంటే హాయిగా ఉంటుంది, ఎక్కడా ఒళ్ళు జలదరించదు. మంచి మొగుడు దొరికింది కాబట్టి కావేరి డిటెక్టివ్ అయింది. దొరక్కపోయి ఉంటే? ఆ ప్రశ్నని నవల అడగదు. అయినా పరవాలేదు. పుస్తకం దాచుకుని చదివే కోడలు వందేళ్ళ కిందటి కథలో ఉంది, ఇవాళ ఫోన్ దుప్పట్లో పెట్టుకుని చదివే కోడలు మన వీధిలో ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటే నవ్వుకుంటారు. ఇదే కావేరితో ఆ తర్వాత ఇంకా నవలలు వచ్చాయి, కాబట్టి అలవాటైతే ప్రయాణాలకి ఢోకా లేదు.

మొగుడు చెప్పిన కథ

ఈ వరసలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన నవల మన సరిహద్దు అవతలిది. కన్నడ రచయిత వివేక్ శానభాగ్ 'సకీనాళ ముత్తు'. శ్రీనాథ్ పేరూర్ ఇంగ్లిష్‌లోకి తెచ్చాక 2023లో 'సకీనాస్ కిస్' పేరుతో వచ్చింది. కుప్పంలో మూడు భాషలు ఒకే బజార్లో వినిపిస్తాయి, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ పెట్టిందీ అందుకే. కన్నడం చదవగలిగినవాళ్ళు నేరుగా కన్నడంలోనే చదవండి, అదృష్టవంతులు.

బెంగళూరులో వెంకట్, విజి దంపతులు. ఇద్దరూ ఉద్యోగస్తులు. కాలేజీలో చదివే కూతురు రేఖ. ఒకరోజు ఇద్దరు కుర్రాళ్ళు తలుపు తట్టి రేఖ కావాలంటారు. రేఖ ఊళ్ళో లేదు. అక్కణ్ణుంచి నాలుగు రోజుల కథ. రౌడీలున్నారు, రాజకీయాలున్నాయి, ఊరి ఆస్తి గొడవలున్నాయి. కానీ అసలు సస్పెన్స్ వాటిలో లేదు. కథ చెప్పేది వెంకట్. తాను మంచి మొగుణ్ణి, మంచి తండ్రిని, కాలంతో పాటు మారిన మనిషిని అని అతని నమ్మకం. పేజీలు తిప్పేకొద్దీ విజి ఎక్కడెక్కడ మాట్లాడటం మానేసిందో, రేఖ ఎందుకు ఇంట్లో ఏదీ చెప్పదో మనకి తెలిసిపోతుంటుంది. అతనికి మాత్రం తెలియదు. ఇంటి గడియ తన చేతిలోనే ఉందని తెలియని మనిషి చెప్పిన కథ ఇది.

చివర్లో అన్ని ముళ్ళూ విప్పాలి, నేరస్తుడు దొరకాలి అనుకునేవాళ్ళకి ఈ పుస్తకం మీద కోపం వస్తుంది. రావాలి కూడా. ఒక్కటి చేసి చూడండి: పూర్తయ్యాక మొదటి ఇరవై పేజీలు మళ్ళీ చదవండి. మామూలుగా కనిపించిన మాటలే గుచ్చుకుంటాయి. 'హౌస్‌మెయిడ్'కి లేని సుగుణం అదే. మలుపు తెలిశాక కూడా బతికి ఉండే సస్పెన్స్ మంచి సస్పెన్స్. ఈ కాలమ్ చదివే అబ్బాయిలకి ఒకే ఒక్క పుస్తకం చెప్పమంటే ఇదే చెబుతాను.

కోపమూ ప్రేమేనా?

రీల్స్ చూసేవాళ్ళలో కొలీన్ హూవర్ పేరు తెలియనివాళ్ళు తక్కువ. 'ఇట్ ఎండ్స్ విత్ అజ్' 2016 నాటిదైనా, 2024లో సినిమా వచ్చాక మళ్ళీ అందరి చేతుల్లోకీ వచ్చింది. లిలీ అనే అమ్మాయి, రైల్ అనే న్యూరోసర్జన్. అందగాడు, తెలివైనవాడు, ప్రేమిస్తాడు. ఒకరోజు చెయ్యి చేసుకుంటాడు. ఏడుస్తాడు, క్షమించమంటాడు. ఆ తర్వాత ఏమవుతుందో ఊహించగలరు.

కొట్టే మొగుణ్ణి రాక్షసుడిగా రాయడం తేలిక. కొట్టేవాడు మిగతా రోజుల్లో ఎంత మంచిగా ఉంటాడో రాయడం కష్టం. ఈ నవల రెండోది చేసింది. ఆమె వెంటనే ఎందుకు బయటికి రాలేదని అడిగేవాళ్ళకి ఇదొక జవాబు. నా పేచీ పుస్తకంతో కంటే దాన్ని అమ్మిన తీరుతో. పూల బొమ్మలేసి తియ్యటి ప్రేమకథలా ప్రచారం చేశారు. సినిమా ప్రచారం మీద కూడా ఇదే విమర్శ వచ్చింది.

మనం కూడా తక్కువ తినలేదు. పాత తెలుగు నవలా నాయకుడి ముక్కు మీద కోపాన్ని మూడు తరాలు ముద్దుచేశాం. గట్టిగా చెయ్యి పట్టుకుంటే అధికారం అనలేదు, చనువు అన్నాం. యద్దనపూడి నాయికలు తిరిగి మాట అనగలిగినవాళ్ళు కాబట్టి ఆ నవలలు నిలబడ్డాయి. వాళ్ళ తర్వాత ఎంతోమంది ఆ కోపాన్ని మాత్రం కాపీ కొట్టి, ఆ జవాబుని వదిలేశారు. ఇప్పుడు ఫోన్ యాప్‌లలో రోజుకో భాగంగా వచ్చే సీరియళ్ళు చూడండి. కిడ్నాప్ చేసి పెళ్ళిచేసుకునే హీరో, గదిలో పెట్టి తాళమేసే హీరో. అదే గడియ. ఒక నవల్లో దాన్ని భయం అంటున్నాం, ఇంకో నవల్లో రొమాన్స్ అంటున్నాం. చదవద్దని అనడం లేదు. చదివేటప్పుడు ఆ గదిలో మీ చెల్లెల్ని ఊహించుకోండి చాలు, అది ఏ రకం నవలో తెలిసిపోతుంది.

నవల పక్కన పెట్టి ఒక నిజం కూడా చెప్పుకుందాం. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు ఆ ఇంటి ఆడమనిషికి ఉంది. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఆమెను బయటికి గెంటడానికి లేదు. 181 నంబరుకి ఫోన్ చేస్తే సాయం అడగవచ్చు. ఈ రెండు సంగతులూ ఏ సస్పెన్స్ నవల చివరి పేజీలోనూ ఉండవు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఇంకా రాని నవల

ఇన్ని చదివాక నాకొక ఆశ పుట్టింది. ఇలాంటి ఇంటి సస్పెన్స్ మన ఊళ్ళ పేర్లతో, మన మాటతో రావాలి. తెల్లారకముందే టమోటా లారీలు కదిలే మదనపల్లెలో ఒక ఇల్లు. పుంగనూరులో కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి అద్దెకు దిగిన పోర్షన్, ఎప్పుడూ తాళం వేసి ఉండే వెనక గది. కుప్పంలో పొద్దున్నే బెంగళూరు రైలెక్కి రాత్రికి తిరిగొచ్చే ఆడమనిషి, ఒకరోజు రైలు వచ్చినా ఆమె రాలేదు. ఇవి ముడిసరుకులు. ఎవరైనా తీసుకోవచ్చు, నేనేం అడగను. సొంత ఊరి వీధిపేరు నవల్లో కనపడితే భయం ఎంత దగ్గరికొస్తుందో యండమూరి తరం పాఠకులకి తెలుసు. మన తరానికీ తెలియాలి.

చదివే చోటు కూడా మారింది. అమ్మమ్మ వారపత్రికని ఇంట్లో అందరూ చూసేవాళ్ళు, ఏం చదువుతోందో అందరికీ తెలుసు. ఇవాళ నవల ఫోన్లో ఉంది. కొంతమంది అమ్మాయిలకి ఇంట్లో సొంతంగా ఉన్న గది ఆ ఫోనొక్కటే. అది కూడా ఇవ్వు చూద్దాం అని అడిగే అన్నలున్నారు, పాస్‌వర్డ్ చెప్పు అనే కాబోయే మొగుళ్ళున్నారు. కాబట్టి గడియ ప్రశ్న పుస్తకంతో అయిపోదు.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? నవలలు అలవాటు లేనివాళ్ళు 'హౌస్‌మెయిడ్'తో. నవ్వుతూ భయపడాలనుకునేవాళ్ళు 'బ్యాండిట్ క్వీన్స్'తో, వెంటనే 'ఎదారి బతుకులు'. రైలు ప్రయాణానికి కావేరి. ఇంట్లో అమ్మ ఉంటే ఆమెకి కూడా కావేరి కథే చదివి వినిపించండి, మధ్యలో ఆమె 'సెక్రటరీ' కథ మీకు చెబుతుంది. పెళ్ళి సంబంధాలు చూస్తున్న అబ్బాయిలు 'సకీనాస్ కిస్'. చదివాక, మీ ఇంట్లో గడియ ఎవరి చేతిలో ఉందో మీ అమ్మనో, చెల్లెల్నో ఒకసారి అడగండి. వాళ్ళు చెప్పే జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.